మా బావ విమానానికి నేను చేసిన గాలి డబ్బా

స్టీల్ ప్లాంటులో నువ్వేం చేస్తావని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి: వేడి ఉన్న చోటికి గాలి తీసుకెళ్తాను. వెంటిలేషన్ సెక్షన్‌లో టెక్నీషియన్ని. మనిషి నడిచి వెళ్ళగలిగేంత డక్టులు, గదంత బ్లోయర్లు, వాటి మధ్య నేను. ఎక్కడైనా గాలి చాలడం లేదంటే దానికి నా దగ్గర ఒకటే మందు, ఇంకా పెద్ద బ్లోయరు. అలా పదేళ్ళు గడిచేసరికి గాలి గురించి నాకు తెలియనిది లేదన్న నమ్మకం బాగా ముదిరింది. ఆ నమ్మకం ప్లాంటు ఉన్న కూర్మన్నపాలెం దాటనంతకాలం ఎవరికీ ఏ హానీ జరగలేదు.

తొంభైల చివర్లో మా బావ విమానం కట్టడం మొదలుపెట్టాడు. మా అప్ప మొగుడు ఆయన. మా వైపు అక్కను అప్ప అంటాం. బావ నేవీలో విమానాల ఇంజన్లు బాగుచేసేవాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్పానరు పట్టుకుని నేల మీద నిలబడి, తాను బాగుచేసిన వాటిలో వేరేవాళ్ళు ఎగిరిపోతుంటే మెడ ఎత్తి చూశాడు. రిటైరయ్యాక ఎక్కడో ఫ్లయింగ్ క్లబ్బులో చేరి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత జాలరిపేట దగ్గర పాత వలల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని, ఒక్క సీటు విమానం ఒకటి చెక్కతో, గుడ్డతో, ఎక్కడెక్కడివో సామాన్లతో కట్టసాగాడు. రిటైరైనవాళ్ళు ఇల్లు కట్టుకుంటారు గానీ విమానం కట్టుకుంటారా అని చుట్టాలందరూ నవ్వారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికొకడు, అని మా నాన్న ఆయన ఎదుటే అన్నాడు. బావ నవ్వి ఊరుకున్నాడు. ఆయనకు కోపం రాదు. మా ఇంట్లో కోపం వాటా అంతా నాకే వచ్చింది.

ఇంజను మొదటిసారి నడిపిన రోజు నేనూ ఉన్నాను. విమానం తోకను పడవలు కట్టే గుంజకు మోకుతో కట్టేశాం. ఇంజను గుర్రుమంది, ఇసుక లేచింది, బావ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది. ఏడు నిమిషాలు అలా సాగింది. ఎనిమిదో నిమిషంలో కమురు వాసన వచ్చింది, కీచుమని ఒక చప్పుడై ఇంజను బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే మా అప్ప టిఫిన్ క్యారియరు పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. ఆ చప్పుడు ఆగిపోవడం విని అక్కడే నిలబడిపోయింది.

"ఇదే పైన ఆగిపోతే?" అంది బావతో. "అక్కడ పక్కకి తీసి ఆపుకోడానికి రోడ్డుంతాదేటి?"

బావ ఏదో చెప్పబోయాడు. ఆవిడ వినలేదు, నా వైపు తిరిగింది.

"ఒరే, నువ్వు గాలోడివి కదా. ఇంజను ఏడెక్కకుండా సెయ్యి. సేసి నా మొకం సూసి, ఇంకేటీ అవదప్పా అని సెప్పు. అప్పుడు ఎగరమను. ఈయన మాట నాను నమ్మను, నీ మాట మీదే ఈయన్ని పైకి ఒగ్గుతాను."

గాలోడు అంటే పనీపాటా లేనివాడు అని లోకంలో అర్థం. మా ఇంట్లో ఆ రోజు నుంచి అర్థం మారింది. ఆవిడ ఆ బరువు నా నెత్తిన పెట్టి, ఇద్దరికీ పెసరట్లు పెట్టి వెళ్ళిపోయింది. అప్పటిదాకా నా డక్టు పని చెయ్యకపోతే కూలీలకు చెమట పట్టేది, అంతే. ఇప్పుడు మా అప్ప మొగుడు పడిపోతాడు.

ఆ ఇంజనుకు ఎదురెదురుగా రెండేసి, మొత్తం నాలుగు సిలిండర్లు. నీళ్ళు లేవు, రేడియేటరు లేదు, ఎదురుగాలితోనే చల్లబడాలి. ముందున్న రెండూ గాలిలో హాయిగా ఉంటాయి. వెనక రెండూ వాటి చాటున పడి ఉడికిపోతాయి. అందుకని విమానం ముక్కు దగ్గర రెండు నోళ్ళు పెట్టి, గాలిని లోపలికి తెచ్చి, నాలుగు సిలిండర్ల మీదా సమానంగా పరిచి, వాటి ఒంటి చుట్టూ రేకుల్లా ఉండే రెక్కల సందుల్లోంచి కిందకు తోసి, పొట్ట కింద కంతలోంచి బయటికి పంపాలి. దీనికి కావలసిన రేకు డబ్బా నేను చెయ్యాలి.

చేశాను. ఇరవై గేజి ఇనప రేకు, చుట్టూ యాంగిల్ ఫ్రేము, అడుగడుగునా బోల్టు. ఏ డక్టయినా మేం అలాగే చేస్తాం, మా తర్వాత మనవలు కూడా వాడుకోవచ్చు. ఆటోలో వేసుకుని కూర్మన్నపాలెం నుంచి జాలరిపేట దాకా గర్వంగా తీసుకొచ్చాను. బావ రెండు చేతులతో ఎత్తి, మారుమాట లేకుండా షెడ్డులో ఉన్న చేపల కాటా మీద పెట్టాడు. పదకొండు కిలోలు.

"బావా," అన్నాడు మెల్లగా, ఆయనా నన్ను అలాగే పిలుస్తాడు, "ఇది ఇమానానికా, ఫర్నేసుకా? ఇది బిగిస్తే ముక్కు నేలకి ఆనుకుని తోక పైకి లెగుస్తాది. ఈ బరువుకి నన్ను కూడా దించెయ్యాల."

నాకు ఒళ్ళు మండింది. అయినా పల్చటి అల్యూమినియం రేకు తెచ్చి మళ్ళీ చేశాను. అది రెండు కిలోలు తూగలేదు. చేత్తో నొక్కితే సొట్టపడే వస్తువును డక్టు అనడానికి నాకు సిగ్గేసింది. కొత్త పిస్టను, రింగులు వేసిన ఇంజనుకు దాన్ని బిగించి, ప్రతి ప్లగ్గు కిందా వేడి కొలిచే తీగ పెట్టి నడిపాం. ముందు రెండూ నూట తొంభై డిగ్రీల దగ్గర నిలబడ్డాయి. వెనక ఎడమది రెండొందల నలభై దాటింది. రెండొందల ఇరవై దాటితే ఆపెయ్యమని బావ లెక్క.

గాలి చాలడం లేదని నేను తేల్చేశాను. నోళ్ళు పెద్దవి చేశాను. వేడి తగ్గలేదు. ఇంకా పెద్దవి చేశాను. అర డిగ్రీ పెరిగింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కాబట్టి మూడోసారి కూడా పెద్దవి చేశాను. విమానం ముక్కు చూస్తే ఆవలిస్తున్న గేదెలా తయారైంది. నేల మీద కట్టేసి నడిపితే ప్రొపెల్లరు గాలి తప్ప వేగపు గాలి రాదని, అసలు సంగతి వేగంలోనే తెలుస్తుందని బావ అన్నాడు. వేగం ఎక్కణ్ణుంచి తేవాలన్నది ప్రశ్న.

వేగం షెడ్డు ఓనరు దగ్గర ఉంది. జాలరిపేట మనిషి. ఒక బోటు, ఫిషింగ్ హార్బరుకు ఐసు తోలే ఒక వ్యాను ఉన్నాయి ఆయనకు. మమ్మల్నిద్దర్నీ బావా అనే పిలిచేవాడు, మేమూ ఆయన్ని బావా అనే అనేవాళ్ళం. షెడ్డులో ఎవరు బావా అన్నా ముగ్గురం పలికేవాళ్ళం. ఆదివారం పొద్దున్న ఐసు దింపేశాక వ్యాను ఖాళీ. ప్రొపెల్లరు తీసేసి, ఇంజనునూ నా డబ్బానూ విమానం ముక్కుతో సహా తీసుకెళ్ళి వ్యాను క్యాబిన్ మీద ఇనప పట్టీలతో బిగించాం. సిలిండర్ల పైన ఎంత ఒత్తిడి ఉంది, కింద ఎంత ఉంది చూడడానికి మందుల షాపులో సెలైన్ గొట్టాలు కొని, బట్టల నీలిమందు కలిపిన నీళ్ళు అందులో పోసి, చెక్కకు యు ఆకారంలో కొట్టాం. రెండు వైపులా నీటి మట్టానికి ఎంత తేడా వస్తే రెక్కల సందుల్లోంచి గాలి అంత జోరుగా దిగుతున్నట్టు. నోటి చుట్టూ ఉన్ని దారం ముక్కలు అంటించాం, గాలి ఎటు పోతే అవి అటు ఊగుతాయి.

హైవే మీద ఎనభైలో పోతున్నాం. ఓనరు నడుపుతున్నాడు. బావ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి దారాలు చూస్తున్నాడు. నేను మధ్యలో కూర్చుని చెక్క ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు చూస్తున్నాను. నీళ్ళలో తేడా గోరంత. సరిగ్గా అప్పుడు కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. క్యాబిన్ మీద ఉన్నదాన్ని చూశాడు, కిటికీలోంచి లోపలికి దిగుతున్న సెలైన్ గొట్టాలు చూశాడు, వాటి చివర నన్ను చూశాడు.

"పేసెంటా?" అన్నాడు జాలిగా.

"కాదు సార్," అన్నాడు బావ, ఆయనకు అబద్ధం చేతకాదు. "పేసెంటు పైనున్నాడు."

కానిస్టేబులు మళ్ళీ పైకి చూశాడు. విషయం చెప్పడానికి పావుగంట పట్టింది. అంతా విని, "ఎగిరితే ఎగిరినారు గానీ, వ్యానుతో సహా ఎగరకండి," అని వదిలేశాడు.

కొంచెం దూరం పోయాక బావ తల లోపలికి తెచ్చి, దారాలు లోపలికి ఊగడం లేదని, నోటి దగ్గరే పక్కలకు తిరిగిపోతున్నాయని చెప్పాడు. అంత పెద్ద నోరు తెరిస్తే గాలి లోపలికి రాకపోవడం ఏమిటని నేను విసుక్కున్నాను. వ్యాను నడుపుతున్న ఓనరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"బావా, ఎనక కంత ఎంత పెట్టినావు?"

"నాలుగు వేళ్ళ సందు. ఎందుకు?" అన్నాను.

"వల సంచి నిండి బిగిసిపోనాదనుకో, ఎంత పెద్ద నోరైనా సేప రాదు. నీరు ఎనకనించి ఎల్లాల. ఎల్లకపోతే నోటి కాడే గోడ కట్టేత్తాది, సేప ఆ గోడ సూసి పక్కకి తిరిగెల్లిపోద్ది. మీ దారాలు కూడా అలాగే తిరగతన్నట్టున్నాయి."

పదేళ్ళ ఉద్యోగంలో నేను గాలిని లోపలికి తోయడమే చూశాను, అది పోయే దారి గురించి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. గాలి వచ్చేది ఎంతో పోయేది అంతే ఉండాలన్నది చిన్నపిల్లలకు తెలిసిన సంగతి. ఐసు వ్యాను నడిపే మనిషి చెబితే గానీ నా బుర్రకు ఎక్కలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. వాటికీ ఒక తీగ పెట్టి చూడాల్సింది.

"నాను మొదట్నించీ అదే సెప్తన్నాను," అన్నాడు బావ. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. పైగా కంత పెద్దదైతే విమానం వేగం తగ్గుతుందని నాలుగు వేళ్ళ లెక్క ఇచ్చిందే ఆయన. ఆయనకు అబద్ధం చేతకాదన్నాను కదా, అది పోలీసుల దగ్గరే.

మరుసటి ఆదివారానికి పొట్ట కింద కంతను జానెడు చేశాం. దాని ముందంచున రేకును కిందకు పెదవిలా వంచాం, పక్కనుంచి పోయే గాలి లోపలి గాలిని లాక్కుపోతుందని. డబ్బాకూ సిలిండర్లకూ మధ్య ఉన్న సందులన్నీ సైకిల్ ట్యూబు ముక్కలతో మూశాం, వాటిని ఓనరే వల కుట్టే సూదితో కుట్టిపెట్టాడు. అదే రోడ్డు, అదే ఎనభై. ఉన్ని దారాలన్నీ ఒక్కసారి లోపలికి తల వంచాయి. నీళ్ళ తేడా అంగుళం దాకా వచ్చింది. నేను ఎగిరి గంతేస్తే ఒళ్ళోని చెక్క వంగి నీలిమందు నీళ్ళు నా ప్యాంటు మీద పడ్డాయి. ఆ మరక ఎన్ని ఉతుకులైనా పోలేదు.

ఇంజను మళ్ళీ విమానానికి బిగించాం. మా అప్పను పిలిచాం. అరగంట ఇంజను నడిపి చూపిస్తే ఆవిడకు ధైర్యం వస్తుంది, నేను మాట ఇస్తాను, అదీ మా పథకం. ఆవిడ పొద్దున్నే తలస్నానం చేసి వచ్చింది. నేనూ బావా వెనక తోకకు మోకు బిగిస్తుంటే ఆవిడ ముక్కు దగ్గర నిలబడి ఏదో చూసుకుంటోంది. చూసుకోనీ అనుకున్నాం.

ఇంజను లేచింది. మీటర్లన్నీ బుద్ధిగా ఉన్నాయి. నాలుగు నిమిషాలకు వెనక ఎడమ సిలిండరు ముల్లు కదిలింది. రెండొందలు. రెండొందల పది. రెండొందల ఇరవై. అప్పుడొచ్చింది ఘాటు. ముందు బావ తుమ్మాడు, తర్వాత నేను, తర్వాత ఓనరు దగ్గుతూ బయటికి పరిగెత్తాడు. రోడ్డు మీద చేపల గంపలతో పోతున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎవుల్రా ఈ యేళప్పుడు మెరపకాయలేపుతన్నారు?" అని మమ్మల్నీ మా ముందు తరాలనూ తిట్టారు. బావ కళ్ళనీళ్ళతోనే ఇంజను ఆపేశాడు.

మూత విప్పితే వెనక ఎడమ సిలిండరు రెక్కల మీద ఒక నిమ్మకాయ కూర్చుని ఉంది, ఒక పక్క నల్లగా కమిలి. దాని చుట్టూ ఏడు మిరపకాయలు, నల్ల దారంతో సహా, వేపుడుకు సిద్ధంగా.

అందరం మా అప్ప వైపు చూశాం.

"దిష్టి తగలకుండా కట్టినాను," అంది చిన్న గొంతుతో. "నోరులాగుంది కదా, నోటికి కట్టినాను." తర్వాత ఆ కమిలిన నిమ్మకాయ చూసి ఆవిడ ముఖం మారిపోయింది. "నిమ్మకాయే మాడిపోనాదంటే మంచిది కాదు. ఇంక వొద్దు. ఇమానం వొద్దు, ఏటీ వొద్దు. ఇప్పీసి అమ్మీండి."

బావ చేతిలో స్పానరు కింద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు, ఎంతసేపైనా తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆయన్ని అలా చూడలేకపోయాను. నాకు కోపం వచ్చింది, ఈసారి పనికొచ్చే కోపం. అప్పను చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరకు లాక్కొచ్చాను.

"నువ్వు కట్టింది ఎక్కడ? ఇక్కడ. అది దొరికింది ఎక్కడ? అదిగో, ఆ మూల. ఇంత నిమ్మకాయని ఇక్కణ్ణించి అక్కడికి ఎవుడు మోసుకెల్లినాడు? గాలి. మూడు నెల్లుగా ఏ మూలకి గాలెల్లడం నేదని నాను ఏడుత్తన్నానో ఆ మూలకే. నీ నిమ్మకాయ అడ్డం కూకుంటే మరి ఏడెక్కదేటి?"

ఆవిడ కాసేపు నోటి వైపు, కాసేపు మూల వైపు చూసింది. అప్పటికీ నమ్మకం లేదు. "అయితే అది తీసీసి మళ్ళీ నడపండి," అని ఐసు పెట్టె మీద కూర్చుంది. నలభై నిమిషాలు నడిపాం. ఎర్ర గీత దాటకూడదని చెబితే ఆవిడ ముల్లు మీంచి చూపు తిప్పలేదు, టిఫిన్ క్యారియరు ఒళ్ళోంచి దించలేదు. ముల్లు రెండొందల దగ్గర పడుకుంది, లేవలేదు. ఇంజను ఆగాక నా దగ్గరకు వచ్చింది.

"సెప్పు."

ప్లాంటులో ఎన్నో కాగితాల మీద సంతకాలు పెట్టాను, ఏ సంతకానికీ ఇంత ఆలోచించలేదు. "ఏడెక్కదప్పా," అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసి, "సరే," అని క్యారియరు విప్పింది.

అనుమతుల కోసం బావ ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కాడో చెబితే అది ఇంకో విమానం కట్టినంత కథ. చివరికి ఊరికి దూరంగా, యుద్ధ కాలం నాటి పాత రన్‌వే ఒకటి దొరికింది. ఒక పొద్దున్న దాని మీద మేస్తున్న గేదెలను ఓనరు తోలేశాడు, బావ ఎక్కి కూర్చున్నాడు. పరుగు తీసింది, గతుకుల్లో ఎగిరెగిరి పడింది, ఒకసారి ఎగిరింది, మళ్ళీ పడలేదు.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆ ఆనందం మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో ఒక ఆలోచన వచ్చి ప్రాణం జిల్లుమంది. పక్కకు తిరిగాను.

"అప్పా, నిమ్మకాయేమైనా కట్టినావేటి?"

"కట్టినాను."

ఎక్కడ కట్టావని అడగకుండానే తల పైకి తిప్పి విమానం కోసం వెతికాను. విమానం చుట్టు తిరిగి, చప్పుడు తగ్గించుకుని దిగింది. ఒకసారి గెంతి, నిలబడి, మా వైపు దొర్లుకుంటూ వచ్చింది. మా ముందు తిరిగి ఆగితే దాని తోకకు నల్ల దారంతో నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడుతున్నాయి.

"గాలి ముందునించి ఎనక్కెల్తాదని నువ్వే కదా సెప్పినావు," అంది అప్ప. "తోకకి కడితే లోనికెలాగెల్తాది?"

బావ దిగాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు, రెండూ కావచ్చు. ముందుగా మూత తీసి, వెనక ఎడమ సిలిండరు దగ్గర చెయ్యి పెట్టి చూసి, నాకు తల ఊపాడు. అప్ప రన్‌వే అంచున కూర్చుని ఆకుల్లో ఉప్మా వడ్డించింది. బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఎలా ఎగిరింది, బాగా ఎగిరిందా అని ఆవిణ్ణి అడిగాడు.

"నాను సూణ్ణేదు," అంది. "ఈడి మొకమే సూత్తన్నాను. ఇంజనుకేటైనా అయితే ముందు ఈడికే తెలుత్తాది కదా. ఒక్కపాలి తెల్లబోనాడు, నా పనైపోనాదనుకున్నాను."

"అది నీ నిమ్మకాయకి," అన్నాను.

"ఇంజనుకి కాదేటి?"

"కాదు."

క్యారియరు మూతతో నా వీపు మీద ఒక్కటేసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఈసారి మిరపకాయలు లేకుండానే. కాసేపటికి ముఖం తుడుచుకుని బావ వైపు తిరిగింది.

"మరోపాలి ఎగురు. ఈపాలి సూత్తాను."

బావ ఉప్మా సగంలో వదిలేసి లేచాడు.